పుస్తకాల పట్నం – 9: అకలూ నకలూ

మొన్న బహదూర్‌పల్లి చౌరస్తాలో జిరాక్సు దుకాణం ముందు ఒక పెద్దాయన నన్ను ఆపాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో మడతల దగ్గర చిరుగుతున్న ఉర్దూ కాగితం.

"సారూ, మీరు ఉర్దూ చదువుతరంట గదా. మా తాత పేరు మీది భూమి కాయిదం ఇది. నకలు తీసుకున్నం గని, ఏం రాసిండ్రో ఎవ్వలకు ఎరికైతలేదు."

నేను కళ్ళజోడు సవరించుకుని చూశాను. పాత రెవెన్యూ గుమాస్తాల గొలుసుకట్టు రాత. మేడ్చల్ అన్న మాట, అత్రాఫ్-ఎ-బల్దా అన్న మాట, రెండు సర్వే నంబర్లు తప్ప నాకేమీ ఎక్కలేదు. ఆ మాటే చెప్పాను. పెద్దాయన నవ్వాడు. "రాసినోనికి అకల్ లేదా సారూ, చదివేటోనికి లేదా?"

నాకు కోపం రాలేదు. నెల రోజులుగా ఈ భాగం ఎక్కడ మొదలుపెట్టాలో తోచక తిరుగుతున్నాను. ఆయన నాలుగు మాటల్లో దాన్ని నా చేతిలో పెట్టాడు. నకలు ఒకటి, అకల్ ఒకటి. వెయ్యేళ్ళుగా ఇస్లామీ చదువులు నడిచింది ఈ రెంటి మీదే.

కిందటి భాగంలో దాయిరతుల్ మఆరిఫ్ కథ చెప్పుకున్నాం. 1888లో హైదరాబాదులో పుట్టిన ఆ సంస్థ, ప్రపంచంలో ఎక్కడెక్కడి గ్రంథాలయాల్లోనో మూలుగుతున్న అరబ్బీ రాతప్రతులను వెతికి అచ్చువేసింది. అబుల్ బరకాత్ బగ్దాదీ రాసిన 'కితాబుల్ ముఅతబర్' లాంటి తత్త్వగ్రంథాలు మొదట అచ్చు మొహం చూసింది మన పట్నంలోనే. దాని వెనక నిలిచిన ముగ్గురిలో అన్వారుల్లా ఫారూఖీ ఒకరని కూడా చెప్పుకున్నాం. 1876లో జామియా నిజామియాను స్థాపించిన మనిషి ఆయన. ఆయన రాసిన పుస్తకాల్లో ఒకదాని పేరు 'కితాబుల్ అక్ల్', అంటే బుద్ధిని గురించిన పుస్తకం. బుద్ధికి ఎక్కడి దాకా హద్దు, గ్రీకు తత్త్వవేత్తల మాట ఎంత వరకు చెల్లుతుంది అన్న తగవు అందులో ఉంది. 1918లో ఆయన కన్నుమూశారు. అదే ఏడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వెలువడింది. తగవు పాత మదర్సా గడప దాటి కొత్త విశ్వవిద్యాలయంలోకి అడుగుపెట్టింది.

ముందు ఆ రెండు మాటల సంగతి. 'నక్ల్' అంటే మోసుకురావడం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం. ప్రవక్త చెప్పినది విన్నవారు, వారి నుంచి విన్నవారు, అలా నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి చేరిన విద్యలు మన్కూలాత్. ఖురాన్ వ్యాఖ్య, హదీసు, ధర్మశాస్త్రం ఆ కోవలోవి. 'అక్ల్' అంటే బుద్ధి. ఒంటె పారిపోకుండా కాలికి కట్టే తాడు 'ఇకాల్'. అదే ధాతువు నుంచి పుట్టిన మాట అక్ల్. మనసు కాలికి వేసే బంధం అన్నమాట. తర్కం, గణితం, ఖగోళం, తత్త్వం మఅకూలాత్. పట్వారీ దగ్గర తెచ్చుకునే నకలు, పిల్లల్ని తిట్టేటప్పుడు వచ్చే అకల్, రెండూ ఆ మదర్సాల నుంచి దఫ్తరాలకు, దఫ్తరాల నుంచి మన చేన్ల గట్ల దాకా నడిచొచ్చిన మాటలే. వైద్యుణ్ణి హకీం అంటాం. హకీం అంటే మొదట తత్త్వజ్ఞుడు. ఆ విద్య పేరు హిక్మత్. అది తెలుగులో హికమత్తు అయి మాయోపాయం అన్న అర్థంలో స్థిరపడింది. తత్త్వం మీద మనవాళ్ళకున్న గౌరవం ఎంతటిదో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఈ భాగం కథానాయకుడు మనాజిర్ అహసన్ గీలానీ. 1892లో బీహారులో పుట్టారు. గీలానీ అన్నది వాళ్ళ ఊరి పేరు. ఆ ఇంట చదువు వంశపారంపర్యం. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో ఆయనను రాజస్థాన్‌లోని టోంకుకు పంపారు. అక్కడ హకీం బరకాత్ అహ్మద్ దగ్గర చదువు. ఈ గురువు పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ హకీమే. పొద్దున నాడి చూసి మందిచ్చేవాడు, ఆ చేత్తోనే తత్త్వజ్ఞుడు ఇబ్న్ సీనా పాఠం చెప్పేవాడు.

బరకాత్ అహ్మద్‌ది ఖైరాబాదీ పరంపర. ఉత్తర హిందుస్తానంలో తర్కానికీ తత్త్వానికీ పెట్టింది పేరు ఆ పరంపర. దాని మూలపురుషుల్లో ఒకరైన ఫజ్లే హక్ ఖైరాబాదీ మీర్జా గాలిబుకు స్నేహితుడు. 1857 తిరుగుబాటులో ఉన్నాడని ఆంగ్లేయులు ద్వీపాంతరం పంపారు. 1861లో అండమానులోనే పోయారు. తర్కం చెప్పేవాడు తాపీగా గదిలో కూర్చునే బాపతని అనుకునేవాళ్ళకు ఈ ముక్క చెప్పాలి.

టోంకులో ఏడేళ్ళు బుద్ధికి సానబట్టాక గీలానీ దేవ్‌బందుకు వెళ్ళారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళడమే అనిపించవచ్చు. ఆ రోజుల్లో అది ఒక శిబిరం నుంచి ఎదుటి శిబిరానికి నడిచి వెళ్ళడం. 1866లో మొదలైన దేవ్‌బంద్‌కు ప్రాణం హదీసు. దాని పెద్దల్లో ఒకరైన రషీద్ అహ్మద్ గంగోహీకి తత్త్వశాస్త్రం అంటే గిట్టదు. గ్రీకుల చెత్త మన పిల్లలకెందుకన్నది ఆయన వాదం. ఖైరాబాదీ వాళ్ళ దృష్టిలో దేవ్‌బందువాళ్ళు వల్లెవేసేవాళ్ళు. దేవ్‌బందువాళ్ళ దృష్టిలో ఖైరాబాదీలు మాటల గారడీవాళ్ళు. మన దగ్గర తార్కికుడికీ వేదపాఠికీ మధ్య నడిచిన ఎకసెక్కాలు గుర్తున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. గీలానీ అక్కడ మహమూద్ హసన్, అన్వర్ షా కశ్మీరీల దగ్గర హదీసు చదివారు. టోంకులో నేర్చింది మాత్రం విడిచిపెట్టలేదు. అకలూ నకలూ ఒకే బుర్రలో కాపురం పెట్టాయి. ఆ బుర్ర 1920 ప్రాంతంలో హైదరాబాదుకు చేరింది.

అప్పటికి ఉస్మానియాకు సొంత గోడలు లేవు. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె బంగళాల్లో తరగతులు మొదలయ్యాయి. మొదటి ఏడు ఇంటర్మీడియట్‌లో చేరినవాళ్ళు 225 మంది. అన్ని శాస్త్రాలూ ఉర్దూలోనే చెప్పాలన్నది నియమం. హిందుస్తానంలో అప్పటి దాకా పెద్ద చదువంటే ఇంగ్లీషే. ఒక దేశభాషలో డిగ్రీ దాకా చెప్పడం ఎంత తెగువో ఈరోజు ఊహించడం కష్టం. పట్నంలోని దారుల్ ఉలూం ప్రధానాచార్యుడిగా ఉన్న హమీదుద్దీన్ ఫరాహీ లాంటివాళ్ళు కన్న కలను అక్బర్ హైదరీ ఫైళ్ళ మీద నడిపించారు. పాఠ్యపుస్తకాలు లేకుండా పాఠం ఎలా? అందుకే విశ్వవిద్యాలయం కంటే ముందే, 1917లో, దారుత్తర్జుమా అనే అనువాద శాఖ పుట్టింది.

ఆ శాఖలో జరిగిన జగడాలకు ఒక భాగం మొత్తం కేటాయించవచ్చు. ఇంగ్లీషులో ఉన్న ఒక్కో శాస్త్రపదానికి ఉర్దూ మాట పుట్టించాలి. అరబ్బీ నుంచే తేవాలని ఒక పక్షం. ఉర్దూ ఈ నేల భాష, మాటల్ని కూడా ఈ నేల పద్ధతిలోనే కట్టాలని ఇంకో పక్షం. ఈ రెండో పక్షానికి కొమ్ముకాసిన వహీదుద్దీన్ సలీం, మాటల్ని ఎలా పుట్టించాలో చెప్పడానికి ఏకంగా ఒక పుస్తకమే రాశారు. సంఘం కూర్చునేది, ఒక పదం మీద పూటంతా గడిచేది. ఇదే పట్నంలో కొమర్రాజు లక్ష్మణరావుగారి మిత్రమండలి 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టి, ఇదే తలనొప్పిని తెలుగులో పడింది. వాళ్ళకు సంస్కృతం గని, వీళ్ళకు అరబ్బీ గని. ఇరువురూ ఒకరి గని వైపు ఒకరు తొంగిచూసినట్టు కనిపించదు. అదొక వెలితి.

అనువాద శాఖ తొలి రోజుల్లోనే మరో గొడవ. లక్నో వైపు నుంచి అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ అనే యువకుడు అనువాదకుడిగా వచ్చాడు. ఆ వయసులో ఆయన పచ్చి హేతువాది. అంతకుముందు రాసిన ఒక పుస్తకంలో మత నాయకుల మనస్తత్వాన్ని విశ్లేషించాడని పట్నంలో దుమారం లేచింది. మతభ్రష్టుడని ఫత్వాల దాకా పోయింది. ఏడాది తిరక్కుండానే ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. విడ్డూరం ఏమంటే, అదే దర్యాబాదీ తరవాతి కాలంలో గొప్ప ఖురాన్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. నిజాం ప్రభుత్వం ఆయనకు భృతి కూడా ఇచ్చింది.

గీలానీ అడుగుపెట్టింది ఇటువంటి నగరంలో. ఉస్మానియాలో ఆయన చెప్పింది దీనియాత్, అంటే మతధర్మం. ముస్లిం విద్యార్థులకు అది తప్పనిసరి పాఠం. తక్కినవాళ్ళకు దాని బదులు అఖ్లాకియాత్, అంటే నీతిశాస్త్రం. తప్పనిసరి పాఠం మీద విద్యార్థికి ఎంత ప్రేమ ఉంటుందో అందరికీ తెలుసు. రసాయనశాస్త్రం ప్రయోగశాల నుంచి నేరుగా వచ్చి కూర్చున్న కుర్రాడికి మన్కూలాత్ ఒక్కటే చెబితే నిద్రపోతాడు. అక్కడ గీలానీకి టోంకు చదువు అక్కరకొచ్చింది. హదీసులు ఎలా సేకరించారు, ఎవరి మాట ఎలా పరీక్షించారు అన్నదాన్ని సాక్ష్యం విచారించే పద్ధతిలా విప్పి చెప్పారు. 'తద్వీనె హదీస్' అన్న ఆయన గ్రంథంలో ఆ ఒడుపు కనిపిస్తుంది. నకలును అకలుతో తూచడం అన్నమాట.

పొరుగున తత్త్వశాస్త్ర శాఖలో ఇంకొక మనిషి ఉన్నారు. ఖలీఫా అబ్దుల్ హకీం, లాహోరువాడు. కవి ఇక్బాల్ సిఫారసుతో 1919లో ఉస్మానియాలో చేరి, తరవాత జర్మనీ వెళ్ళి 1925లో హైడెల్‌బర్గ్‌లో జలాలుద్దీన్ రూమీ తత్త్వం మీద డాక్టరేటు పుచ్చుకుని తిరిగొచ్చారు. గీలానీది చాప మీద కూర్చుని చదివిన చదువు, ఈయనది బల్ల మీద చదివిన చదువు. పాశ్చాత్య తత్త్వ చరిత్రలను ఉర్దూలోకి తెచ్చారు, భగవద్గీతను ఉర్దూ పద్యాల్లోకి మార్చారు. 1929 జనవరిలో ఇక్బాల్ మద్రాసులో ఇచ్చిన ఉపన్యాసాలను హైదరాబాదుకూ తెచ్చినప్పుడు, ఇస్లామీ ఆలోచనను కొత్తగా కట్టాలన్న ఆ మాట వినడానికి ఈ పట్నంలో రెండు రకాల చెవులు సిద్ధంగా ఉన్నాయి. హకీం లాంటివాళ్ళకు అది తమ సొంత మాటలా వినిపించి ఉంటుంది. మదర్సా నుంచి వచ్చినవాళ్ళు కొంచెం ఆగి, మూలం ఎక్కడుందని అడిగే రకం.

అటువంటి మూలగ్రంథం ఒకదాన్ని ఉర్దూలోకి తెచ్చే పని గీలానీ నెత్తిన పడింది. గ్రంథం పేరు 'అస్ఫారె అర్బఅ', నాలుగు ప్రయాణాలు. రాసినది ముల్లా సద్రా, ఇరాన్‌లోని షిరాజువాడు.

ఇక్కడ కాస్త నిలబడాలి. ముల్లా సద్రా కాలం ఎప్పుడని అడిగితే హైదరాబాదువాళ్ళకు తేలిగ్గా చెప్పవచ్చు. మనకు 1591లో చార్మినారు లేచేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. ఆయన గోల్కొండ చూడలేదు గానీ, ఆయన తరగతి గది గాలి గోల్కొండకు వచ్చింది. అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర పీష్వాగా ఉన్న ఇబ్న్ ఖాతూన్, ముల్లా సద్రా ఇద్దరూ షేక్ బహాయీ శిష్యులు. అదే దర్బారులో వైద్యుడిగా ఉన్న నిజాముద్దీన్ అహ్మద్ గీలానీ, సద్రా మరో గురువు మీర్ దామాద్ దగ్గర చదివినవాడు. ఈ గీలానీ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చినవాడు. మన బీహారు గీలానీకి చుట్టం కాదు, పేరు కలిసింది అంతే. కాబట్టి మూడు వందల ఏళ్ళ తరవాత సద్రా హైదరాబాదుకు వచ్చాడంటే పరాయి ఇంటికి వచ్చినట్టు కాదు.

ముల్లా సద్రాను సాటి పండితులు బతకనివ్వలేదు. ఖుమ్ నగరం దగ్గర కహక్ అనే పల్లెకు తొలగిపోయి ఏళ్ళ తరబడి ఏకాంతంలో గడిపాడు. చివరికి ఏడోసారి హజ్జుకు కాలినడకన పోతూ బస్రాలో కన్నుమూశాడని ప్రసిద్ధి. ఆయన తత్త్వం అంతటినీ తెలుగువాడు రోజుకు వందసార్లు అనే ఒక్క మాటలో పట్టుకోవచ్చు. ఆ మాట 'అసలు'.

హాస్యానికి కాదు. అరబ్బీలో 'అస్ల్' అంటే వేరు, మూలం. మన అసలు అదే. ముల్లా సద్రా సిద్ధాంతం పేరు 'అసాలతె వుజూద్', ఉనికే అసలు అని. ఏ వస్తువు గురించైనా రెండు ప్రశ్నలు అడగవచ్చు. అది ఏమిటి? అది ఉందా? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబును తత్త్వజ్ఞులు 'మాహియత్' అన్నారు. తెలుగులో చెప్పాలంటే ఏమిటితనం. రెండో దానికి జవాబు 'వుజూద్', ఉనికి. మామిడి, మనిషి, గుర్రం అని మనం గీసుకునే గీతలన్నీ ఏమిటితనాలు. ఈ రెంట్లో ఏది గట్టిది? సద్రా గురువు మీర్ దామాద్ ఏమిటితనమే గట్టిదన్నాడు. సద్రా కూడా పడుచుతనంలో దాన్నే నమ్మాడు, తరవాత అడ్డం తిరిగాడు. ఉన్నది ఉనికి ఒక్కటే, గీతలు మన బుద్ధి గీసుకున్నవి అన్నాడు. దీపానికి దగ్గర వెలుగు ఎక్కువ, దూరం పోయే కొద్దీ తక్కువ. అయినా అంతా వెలుగే. ఉనికి కూడా అలా హెచ్చుతగ్గులతో పరుచుకుని ఉందన్నాడు.

దీని మీద ఇంకో అంతస్తు కట్టాడు. మామిడికాయ పండుతోంది. పచ్చరంగు పోయి పసుపు వచ్చింది, పులుపు పోయి తీపి వచ్చింది. ఇబ్న్ సీనాను అడిగితే, మారినవి గుణాలు, లోపలి ద్రవ్యం కదలదు అంటాడు. సద్రా ఒప్పుకోడు. కాయే లోలోపల నడుస్తోంది, ఆ నడక పైకి రంగుగా రుచిగా కనబడుతోంది అంటాడు. లోకమంతా క్షణక్షణం కొత్తగా పుడుతోందని దీని పర్యవసానం. ఇది చదువుతుంటే తెలుగు పాఠకుడికి మన దర్శనాలు తలపుకు రావడం సహజమే. రానివ్వండి గానీ తొందరపడి రెంటినీ ఒకటి చేయకండి. దూరాన కనిపించే రెండు గుట్టలు ఒకే గుట్ట అనిపిస్తాయి. దగ్గరికి పోతే మధ్యలో ఊరుంటుంది.

ముల్లా సద్రా పేరు హిందుస్తానం మదర్సాలకు కొత్త కాదు. ఆయన రాసిన ఒక వ్యాఖ్య దర్సె నిజామీ పాఠక్రమంలో 'సద్రా' పేరుతోనే నడిచేది. పుస్తకం పేరే మరిచిపోయి రచయిత పేరుతో పిలిచారంటే ఎంత వాడకమో చూడండి. అయితే అది మొదటి మెట్టు. మేడ 'అస్ఫార్'. దాని అరబ్బీ దట్టమైనది. ఒక్కో వాక్యంలో ముందటి తత్త్వజ్ఞుల వాదాలు పేర్లు చెప్పకుండా దూరిపోయి ఉంటాయి. ఏది సద్రా మాట, ఏది సద్రా ఖండిస్తున్న మాట అన్నది తేల్చుకోవాలంటే ఇబ్న్ సీనా తెలియాలి, సుహ్రవర్దీ తెలియాలి, ఇబ్న్ అరబీ తెలియాలి. ఇది నిఘంటువు ముందు పెట్టుకుని చేసే పని కాదు. టోంకులో ఏడేళ్ళు ఏం నేర్చారో గీలానీకి ఇక్కడ పరీక్ష అయింది.

ఈ అనువాదంలో కొంత పాలు పంచుకున్న మరొకరి పేరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. అబుల్ ఆలా మౌదూదీ. 1903లో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో పుట్టి, 1930ల మొదట్లో హైదరాబాదులో పత్రిక నడుపుతూ ఉన్న రోజులవి. రాజకీయ ఇస్లాముకు సిద్ధాంతకర్తగా లోకమంతా ఎరిగిన మనిషి ఒకప్పుడు ముల్లా సద్రాను ఉర్దూ చేస్తూ కూర్చున్నాడు. ఆయన మీద ఈ గ్రంథం ముద్ర ఎంత అని పండితులు వాదించుకోనీ. అకలును అంతగా పూజించిన పుస్తకాన్ని ఉర్దూ చేసినవాళ్ళు ఇద్దరూ నకలు పక్షం ఇళ్ళకే చేరుకున్నారన్నది నాకు తోచిన సంగతి. 1940ల మొదట్లో గ్రంథం ఉస్మానియా ముద్రతో వెలువడింది.

ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి విశ్వవిద్యాలయం అద్దె బంగళాలు వదిలింది. 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ గులాబిరంగు రాతి భవనం తెరుచుకుంది. గోడలు గట్టివే గానీ బయట గాలి మారింది. రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న జనం మాట్లాడేది తెలుగు. రాయప్రోలు సుబ్బారావుగారి వంటి కవి తెలుగు ఆచార్యుడిగా ఉన్నా, తక్కిన చదువంతా ఉర్దూలోనే. మేడ్చల్ రైతుబిడ్డ ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కాలంటే ముందు భాష గడప దాటాలి. ఇంగ్లీషు పెత్తనాన్ని ధిక్కరించిన విశ్వవిద్యాలయం తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్ళ మీద ఇంకో పెత్తనం పెట్టింది. దేశభాషలో ఉన్నత విద్య అన్న ఆలోచన గొప్పదే. ఏ దేశభాష అన్న ప్రశ్నను మాత్రం వినిపించుకోలేదు. 1938 చివర్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్ళగొట్టారు. హనుమకొండలో చదువుతున్న పాములపర్తి వెంకట నరసింహారావు నాగపూరు పోయి చదువుకోవలసి వచ్చింది. ఉనికికీ ఏమిటితనానికీ మధ్య తగవు లోపలి గదిలో నడుస్తుంటే, బయట మైదానంలో నువ్వేమిటి అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఉర్దూ మాధ్యమం పోయింది. 1949లో గీలానీ పదవీ విరమణ చేసి బీహారులోని సొంతూరికి వెళ్ళిపోయారు. 1956లో అక్కడే కన్నుమూశారు. ఖలీఫా అబ్దుల్ హకీం కూడా 1949లోనే లాహోరుకు తరలి, మరుసటి ఏడు అక్కడ ఇస్లామీ సంస్కృతి సంస్థను నెలకొల్పారు. ఒకే విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి పని చేసిన ఇద్దరు, ఒకే ఏడాది రెండు దేశాలకు విడిపోయారు. పెద్దాయన కాగితంలో కనిపించిన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా కూడా ఆ రోజుల్లోనే మ్యాపులో నుంచి తొలగింది. బల్దా అంటే నగరం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కలు. నగరమే చుట్టుపక్కలను మింగిన ఈ రోజుల్లో ఆ పేరు ఉన్నా నిలిచేది కాదేమో.

జిరాక్సు దుకాణం పెద్దాయన కాగితాన్ని నాకు తెలిసిన ఒక పాత ఉర్దూ మాస్టారికి చూపించాను. ఆయన రెండు నిమిషాల్లో చదివేశారు. సర్వే నంబరు నేను చదివింది తప్పు, ఒక సున్నా ఎక్కువ చూశాను.

వచ్చే భాగంలో గీలానీ దగ్గర చదువుకున్న ఒక పాతబస్తీ కుర్రాడి కథ. ముహమ్మద్ హమీదుల్లా. 1908లో పుట్టి, బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేట్లు తెచ్చుకుని, 1948లో హైదరాబాదు తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన బృందంలో ఉన్నాడు. తిరిగి రావడానికి తన రాజ్యం మిగల్లేదు. ఏ దేశపు పౌరసత్వమూ పుచ్చుకోకుండా పారిస్‌లో దశాబ్దాలు గడిపి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చాడు.

ఈలోగా ఒక మనవి. మీ తాతల పెట్టెల్లో దారుత్తర్జుమా ముద్ర ఉన్న ఉర్దూ పుస్తకం ఏదైనా ఉంటే, చదవరాదని పాత కాగితాల బండికి వేయకండి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి తీసుకెళ్ళి చూపించండి.